చరిత్ర రాసిన చేత్తోనే కథ రాసిన డుబాయిస్

ఇలాంటి సంచికల్లో మనం ఏటా కొమురం భీంను, బిర్సా ముండాను తలచుకుంటాం. ఈసారి సముద్రాల అవతల, అమెరికాలో పుట్టిన ఒక నల్లజాతి చరిత్రకారుడి జీవితాన్ని మన యువత ముందు పెడుతున్నాం. ఆయన పూర్తి పేరు విలియం ఎడ్వర్డ్ బర్గ్‌హార్ట్ డుబాయిస్. లోకానికి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌గా తెలుసు. 1868లో పుట్టి 1963లో కన్నుమూశారు.

నల్లజాతి వారికి చెప్పుకోదగ్గ చరిత్ర లేదని పెద్ద పెద్ద పండితులు నమ్ముతున్న రోజుల్లో ఆయన చదువుకున్నారు. ఆ మాటకు ఆయన రెండు రకాలుగా జవాబు చెప్పారు. ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తీసి, పాత రికార్డులు తిరగేసి, తన ప్రజల చరిత్రను ఎవరూ కొట్టిపారేయలేనంత గట్టిగా రాశారు. అదే చేత్తో ఒక తోకచుక్క దాటిపోగానే మహానగరం మొత్తం చచ్చిపడిన కథ కూడా రాశారు. ఇప్పుడు మనం సైన్స్ ఫిక్షన్ అంటున్న కథలవి. చరిత్రకారుడికి అలాంటి కథలతో ఏం పని? ఆ ప్రశ్నను మనసులో పెట్టుకుని ఆయన జీవితం చదవండి.

ఇంట్లో మిగిలిన పాట

డుబాయిస్ 1868 ఫిబ్రవరి 23న మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊరిలో పుట్టారు. అమెరికాలో బానిసత్వం చట్టప్రకారం రద్దయి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. తండ్రి ఆల్ఫ్రెడ్ పసితనంలోనే ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. తల్లి మేరీ సిల్వినా ఇళ్లలో పనులు చేసి కొడుకును పెంచింది. పక్షవాతం వచ్చినా పని మానలేదు. కొడుకు చదువు మానడానికి అసలే ఒప్పుకోలేదు.

ఆ ఇంట్లో ఆస్తి లేదు గానీ ఒక పాట ఉంది. తల్లి వైపు తాతగారి నాయనమ్మను ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి అమెరికాలో అమ్మేశారు. ఆమె తన బిడ్డను ఒడిలో పెట్టుకుని తన భాషలో ఒక పాట పాడేదట. బిడ్డ తన బిడ్డలకు పాడింది, వాళ్లు తమ బిడ్డలకు పాడారు. మాటల అర్థం ఎవరికీ తెలియదు. రాగంలో ఉన్న దుఃఖం మాత్రం అందరికీ తెలుసు. డుబాయిస్ పెద్దయ్యాక ఆ పాటను స్వరాలతో సహా తన పుస్తకంలో అచ్చు వేయించారు. మన ముసలమ్మలు పాడే పెళ్లి పాటల్లో, చావు పాటల్లో కూడా అర్థం మరిచిపోయిన మాటలు వినిపిస్తుంటాయి. వాటిని పిచ్చి మాటలని నవ్వేసేవాళ్లు మన పిల్లల్లోనే ఉన్నారు. అటువంటి నాలుగు మాటల్లో ఒక ఖండం జ్ఞాపకం దాగి ఉందని ఆయన గుర్తించారు.

ఊరి బడిలో తెల్ల పిల్లల మధ్య నల్ల పిల్లలు బహు తక్కువ. ఒకసారి పిల్లలంతా ముద్దుగా పేర్లు రాసిన కార్డులు ఇచ్చిపుచ్చుకుంటుంటే, కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఈయన కార్డు తీసుకోలేదు. తనకూ మిగతావారికీ మధ్య ఏదో ఒక తెర ఉందని ఆ రోజే తెలిసిందని తర్వాత రాసుకున్నారు. ఆ తెర ఎందుకు ఉందో, దాన్ని ఎవరు కట్టారో తెలుసుకోవడానికే ఆయన జీవితమంతా పనిచేశారని చెప్పవచ్చు.

మక్కల కొట్టంలో బడి

హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు ఈ పిల్లవాడి తెలివి చూసి, కాలేజీకి పనికివచ్చే చదువు చదవమని ప్రోత్సహించాడు. 1885లో ఊరివాళ్లు చందాలు వేసుకుని టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయానికి పంపారు. నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన సంస్థ అది. అదే ఏడాది తల్లి చనిపోయింది.

వేసవి సెలవుల్లో డుబాయిస్ కాలినడకన పల్లెల్లో తిరిగి బడి పంతులు ఉద్యోగం వెతుక్కున్నారు. చివరికి ఒక కొండపల్లెలో దొరికింది. బడి అంటే అంతకుముందు మక్కలు దాచుకున్న దుంగల కొట్టం. తలుపు లేదు. పంతులు కూర్చునే కుర్చీని ఇంటి యజమానురాలి దగ్గర తెచ్చుకుని, ప్రతి సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. పంటల పని వచ్చినప్పుడు పిల్లలు బడి మానేసేవారు. అప్పుడు ఆయన గుట్ట ఎక్కి వాళ్ల ఇంటికి వెళ్లి, చదువు ఎందుకో పెద్దలకు వాళ్లకు తెలిసిన మాటల్లో చెప్పేవారు. వాళ్లు ఒప్పుకునేవారు. ఆ ఒప్పుదల ఓ వారం నిలిచేది.

ఈ భాగం చదివినప్పుడు మాకు మన గూడేలే కళ్లముందు కదిలాయి. దసరా సెలవులకు ఇంటికెళ్లిన పిల్లలు పత్తి ఏరుడులో పడి తిరిగి రాకపోతే, ఒక్కొక్క ఇంటికి వెళ్లి పిలుచుకు రావడం మా వంటి వార్డెన్లకు ప్రతి ఏటా ఉన్న పనే. ఆ బడిలో జోసీ అనే అమ్మాయి ఉండేది. ఇంటి బరువంతా మోస్తూనే చదువుకోవాలని తపించేది. పదేళ్ల తర్వాత డుబాయిస్ ఆ పల్లెకు తిరిగి వెళ్లేసరికి జోసీ బతికి లేదు. దుంగల బడి పోయి పలకల బడి వచ్చింది. ఇది అభివృద్ధేనా, అయితే దాన్ని దేనితో కొలవాలి అని ఆయన తనను తాను అడుగుకున్నారు.

హార్వర్డ్ నుంచి బెర్లిన్ దాకా

ఫిస్క్ తర్వాత 1888లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటికే ఒక డిగ్రీ ఉన్నా, అక్కడ మళ్లీ మూడో సంవత్సరం విద్యార్థిగానే చేర్చుకున్నారు. 1890లో అక్కడి డిగ్రీ, 1891లో ఎం.ఏ. పూర్తిచేశారు.

ఆ రోజుల్లో నల్లజాతి వారి చదువు కోసం స్లేటర్ నిధి అని ఒకటి ఉండేది. దాని పెద్ద, అమెరికా మాజీ అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్. ఐరోపాకు పంపడానికి తగిన నల్లజాతి యువకుడు దొరికితే డబ్బు ఇస్తామనీ, అలాంటివాడు కనబడలేదనీ ఆయన అన్నట్టు పత్రికల్లో వచ్చింది. డుబాయిస్ వెంటనే దరఖాస్తు పెట్టారు. అలాంటి ఏర్పాటేమీ లేదని జవాబు వచ్చింది. ఆయన ఊరుకోలేదు. మాట బయటికి వచ్చాక వెనక్కి తీసుకుంటే ఒక జాతి మొత్తానికి అవమానం జరిగినట్టేనని ఘాటుగా ఉత్తరం రాశారు. రాస్తూనే ఉన్నారు. చివరికి 1892లో సగం సాయంగా, సగం అప్పుగా డబ్బు వచ్చింది. దరఖాస్తు ఒకసారి తిరిగి వస్తే మన పిల్లలు అక్కడితో వదిలేస్తారు. ఈ సంగతి వాళ్లకు చెప్పాలి.

బెర్లిన్‌లో రెండేళ్లు చదివారు. ముందు వాస్తవాలు పోగుచేయాలి, ఆ తర్వాతే తీర్పు చెప్పాలి అనే పద్ధతి అక్కడి గురువు గుస్టావ్ ష్మోలర్ దగ్గర గట్టిపడింది. మూడో ఏడాదికి నిధి డబ్బు ఇవ్వకపోవడంతో బెర్లిన్ డాక్టరేట్ చేతికి రాకుండానే తిరిగి వచ్చారు. 1895లో హార్వర్డ్ నుంచి పిహెచ్.డి. పొందిన మొదటి నల్లజాతి అమెరికన్ అయ్యారు. ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని ఆపడానికి 1638 నుంచి 1870 దాకా అమెరికాలో జరిగిన ప్రయత్నాలు, అవి విఫలమైన తీరు ఆయన పరిశోధనాంశం. హార్వర్డ్ చారిత్రక గ్రంథమాలలో మొదటి సంపుటంగా 1896లో అచ్చయింది.

ఇంటింటి లెక్క

అదే ఏడాది ఆయనకు నీనా గోమర్‌తో పెళ్లయింది. ఫిలడెల్ఫియాలో ఏడో వార్డు అనే నల్లజాతి పేట ఉంది. నగరంలో నేరాలకు, రోగాలకు ఆ పేటే కారణమని పెద్దమనుషుల అభిప్రాయం. దాన్ని అధ్యయనం చేయమని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం డుబాయిస్‌ను పిలిచింది గానీ, పాఠం చెప్పడానికి తరగతి ఇవ్వలేదు. కొత్త దంపతులు ఆ పేటలోనే ఒక హోటల్ మీది గదిలో కాపురం పెట్టారు. ఆయన కాగితాలు పట్టుకుని సుమారు 2,500 ఇళ్లకు తానే వెళ్లారు. ఎవరు ఏ పని చేస్తున్నారు, కూలి ఎంత, అద్దె ఎంత, చదువు ఎంత, ఎక్కడినుంచి వచ్చారు అని అడిగి రాసుకున్నారు. 1899లో వచ్చిన 'ది ఫిలడెల్ఫియా నీగ్రో' గ్రంథం ఆ శ్రమ ఫలితం. పేదరికానికి, నేరానికి కారణం రక్తంలో లేదని, పని దొరకనివ్వని వివక్షలో, బానిసత్వం మిగిల్చిన గాయాల్లో ఉందని ఆ లెక్కలే చెప్పాయి.

ఇది మనకు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. తెల్ల దొరల కాలంలో ఎరుకల వంటి తెగల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన చట్టం మన నేల మీద కూడా ఉండేది. ఆ ముద్ర వేసినవారెవరూ ఇల్లిల్లూ తిరిగి ఎందుకని అడగలేదు.

1897 నుంచి డుబాయిస్ అట్లాంటా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు, తన విద్యార్థులతో కలిసి సుమారు 60 రంగురంగుల పటాలు చేత్తో గీసి పంపారు. జార్జియా రాష్ట్రంలో నల్లజాతి వారికి ఎన్ని ఎకరాలు ఉన్నాయి, ఎంతమందికి చదువు వచ్చింది, ఏయే వృత్తుల్లో ఉన్నారు అన్నది గీతల్లో, చుట్టల్లో, పట్టీల్లో చూపించారు. వాటితో పాటు వందలాది ఛాయాచిత్రాలు పెట్టారు. ఆ కృషికి బంగారు పతకం వచ్చింది. కంప్యూటర్ లేని కాలంలో సిరాతో, నీటిరంగులతో గీసిన ఆ పటాలను ఇప్పటికీ డిజైన్ విద్యార్థులు చూసి నేర్చుకుంటున్నారు.

1899: లెక్కలు చాలవని తెలిసిన ఏడాది

నిజాలు చూపిస్తే మనుషులు మారతారని అప్పటిదాకా ఆయన నమ్మకం. 1899 ఏప్రిల్‌లో జార్జియాలో శామ్ హోస్ అనే నల్లజాతి కూలీని వేలమంది గుంపు చిత్రహింసలు పెట్టి తగలబెట్టింది. విచారణ లేదు, కోర్టు లేదు. డుబాయిస్ శాంతంగా, వివరంగా ఒక ఉత్తరం రాసుకుని పత్రికా కార్యాలయానికి బయలుదేరారు. ఆ మనిషి శరీరంలోని ముక్కలను దారిలో ఒక దుకాణంలో ప్రదర్శనకు పెట్టారని తెలిసింది. ఆయన అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. మనుషులు ఇలా చచ్చిపోతుంటే, ఏమీ పట్టనట్టు కూర్చుని లెక్కలు మాత్రమే వేస్తూ ఉండలేననిపించింది. ఆ మరుసటి నెలలోనే రెండేళ్లు నిండని కొడుకు డిఫ్తీరియాతో చనిపోయాడు.

ఆయన లెక్కలు మానలేదు. వాటికి గొంతు కలిపారు. 1903లో 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' వచ్చింది. చరిత్ర, సమాజ పరిశీలన, కొడుకు చావు మీద దుఃఖం, ఒక కథ, జానపద గీతాల మీద వ్యాసం అన్నీ ఆ ఒక్క పుస్తకంలో ఉన్నాయి. ప్రతి అధ్యాయం మొదట్లో బానిసలు పాడుకున్న పాట స్వరాలు వేశారు. అణగారిన మనిషి ఎప్పుడూ తనను తాను రెండుసార్లు చూసుకుంటాడనే ఆలోచన ఆ పుస్తకంలోదే. ఒకసారి తన కళ్లతో చూసుకుంటాడు, ఇంకోసారి తనను తక్కువగా చూసేవాళ్ల కళ్లతో. పట్నం కాలేజీలో చేరిన మొదటి నెలలో మీలో చాలామందికి ఇది అనుభవమే. ఊరి పేరు అడిగితే గూడెం పేరు చెప్పకుండా మండలం పేరు చెప్పడం కూడా దానిలో భాగమే.

1909లో పుట్టిన ఎన్.ఏ.ఏ.సి.పి. అనే హక్కుల సంఘానికి ఆయన వ్యవస్థాపకుల్లో ఒకరు. 1910 నుంచి 1934 వరకు ఆ సంఘం పత్రిక 'ది క్రైసిస్'కు సంపాదకులు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి దాని ప్రతులు సుమారు లక్షకు చేరాయి. మూకహత్యల వివరాలు పేర్లతో, తేదీలతో అందులో అచ్చయ్యేవి. 1913లో న్యూయార్క్‌లో ఆఫ్రికా ప్రజల చరిత్రను వందల మంది నటులతో, పాటలతో, నృత్యాలతో రంగస్థలం మీద చూపించారు. 1920, 1921 సంవత్సరాల్లో జెస్సీ ఫాసెట్ వంటి సహచరులతో కలిసి నల్లజాతి పిల్లల కోసం 'ది బ్రౌనీస్ బుక్' అనే మాసపత్రిక నడిపారు. పిల్లలు తమలాంటి ముఖాలను పుస్తకంలో చూసుకోవాలన్నది ఆయన పట్టుదల.

తోకచుక్క కథ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ పనులన్నిటి మధ్య ఆయన ఊహా కథలు రాశారు.

1908, 1910 మధ్య రాసిన 'ది ప్రిన్సెస్ స్టీల్' ఆయన బతికుండగా అచ్చు కాలేదు. ఆయన కాగితాల్లో దొరికి 2015లో వెలుగు చూసింది. న్యూయార్క్‌లో ఆకాశమంత ఎత్తు భవనం మీద ఒక నల్లజాతి ఆచార్యుడు మెగాస్కోప్ అనే యంత్రం తయారుచేస్తాడు. మామూలు మనుషుల రోజువారీ జీవితం గురించి తరతరాలుగా రాసిపెట్టిన గ్రంథాలు ఆయన దగ్గర ఉంటాయి. ఆ లెక్కలన్నీ యంత్రానికి ఆధారం. దానిలోంచి చూస్తే కంటికి కనబడని చరిత్ర కనబడుతుంది. పిట్స్‌బర్గ్ ఉక్కు పరిశ్రమ, ఆఫ్రికా నుంచి అపహరించి తెచ్చి బంధించిన రాజకుమారి రూపంలో కనబడుతుంది. చేతిలో ఉన్న లెక్కలకు అటువంటి కన్ను కూడా ఉంటే ఎంత బాగుండునన్న చరిత్రకారుడి కోరిక ఆ కథలో ఉంది.

అన్నిటికన్నా పేరు పొందింది 'ది కామెట్', అంటే తోకచుక్క. 1920లో 'డార్క్‌వాటర్' అనే పుస్తకంలో వచ్చింది. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు, దాని తోకలో విషవాయువు ఉందని, భూమి దానిలోంచి వెళితే అందరూ చస్తారని జనం హడలిపోయారు. ఆ భయం ఇంకా గుర్తున్న రోజులవి.

కథానాయకుడు జిమ్ న్యూయార్క్ బ్యాంకులో నల్లజాతి నౌకరు. అందరి మధ్య తిరుగుతున్నా అతన్ని మనిషిగా చూసేవారు లేరు. బ్యాంకు అడుగున, నీళ్లు ఊరుతున్న పాత నేలమాళిగలోకి వెళ్లి పాత రికార్డు పుస్తకాలు వెతికి తెమ్మని అతన్ని పంపుతారు. ప్రమాదకరమైన పని గనుక విలువైన మనుషులను పంపరు. అతను కింద ఉండగా తోకచుక్క దాటిపోతుంది. పైకి వచ్చేసరికి నగరమంతా శవాలు. నిన్నటిదాకా తనకు అన్నం పెట్టని హోటల్లోకి వెళ్లి అతను తన చేత్తో వడ్డించుకుని తింటాడు. వీధుల్లో తిరుగుతుంటే ఒక సంపన్న తెల్ల యువతి బతికి కనబడుతుంది. ఇద్దరూ తమవాళ్ల కోసం వెతుకుతారు, ఎవరూ దొరకరు. లోకంలో మిగిలింది తామిద్దరమే అనుకుంటారు. రాత్రి పడేసరికి తెలుపు లేదు, నలుపు లేదు, యజమాని లేడు, నౌకరు లేడు. ఇద్దరు మనుషులు మాత్రమే మిగిలారు.

అంతలో కారు హారన్ వినబడుతుంది. ఆమె తండ్రి, కాబోయే భర్త వస్తారు. నాశనమైంది న్యూయార్క్ ఒక్కటే, మిగతా లోకం క్షేమం. ఆ ఒక్క మాటతో పాత లోకం మళ్లీ దిగిపోతుంది. గుమిగూడిన వాళ్లలో జిమ్‌ను ఉరితీయాలన్న మాట కూడా వినబడుతుంది. తండ్రి అతని చేతిలో కొంత డబ్బు పెట్టి కూతురిని తీసుకుపోతాడు. అప్పుడు గుంపులోంచి జిమ్ భార్య వస్తుంది, చేతిలో చనిపోయిన పసిబిడ్డతో.

ఈ కథను చరిత్రకారుడే ఎందుకు రాయాల్సి వచ్చింది? రికార్డుల్లో జరిగినది మాత్రమే ఉంటుంది. జరగనివ్వనిది ఉండదు. తెల్ల యువతి, నల్ల నౌకరు ఒకరినొకరు మనుషులుగా చూసుకున్న సాయంత్రం ఏ రికార్డులోనూ దొరకదు. దాన్ని చూపించాలంటే ముందు లోకాన్ని ఆపాలి. అందుకు తోకచుక్క కావాల్సి వచ్చింది. ఇంకో సంగతి గమనించండి. ఆ రోజు జిమ్ ప్రాణం కాపాడింది ఎవరూ పట్టించుకోని పాత రికార్డులున్న చీకటి గదే. ఆ పుస్తకాలు వెతికినవాడే ఆ నాశనానికి సాక్షిగా నిలిచాడు.

1928లో 'డార్క్ ప్రిన్సెస్' నవల రాశారు. వివక్ష వల్ల వైద్యవిద్య పూర్తిచేయలేకపోయిన నల్లజాతి యువకుడు, బోద్‌పూర్ అనే ఊహా రాజ్యానికి చెందిన భారతీయ రాణి కౌటిల్య అందులో నాయికానాయకులు. ఆసియా, ఆఫ్రికా ప్రజలంతా ఒక్కటై లేచే రోజును అందులో ఊహించారు. అప్పటికి ఆ ఖండాల్లో చాలా దేశాలు తెల్లవారి పాలనలోనే ఉన్నాయి.

పాఠ్యపుస్తకాలతో పోరాటం

1935లో ఆయన 67వ ఏట 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్' వచ్చింది. ఏడు వందల పేజీలు దాటిన గ్రంథం. 1860 నుంచి 1880 దాకా, అంటే అంతర్యుద్ధం, ఆ తర్వాత బానిసలకు ఓటు హక్కు వచ్చి మళ్లీ పోయిన కాలం దాని విషయం. కొలంబియా విశ్వవిద్యాలయంలోని విలియం డన్నింగ్, ఆయన శిష్యులు ఆ కాలాన్ని చీకటి యుగంగా రాశారు. విడుదలైన బానిసలు అజ్ఞానులు, సోమరులు, అవినీతిపరులు అని పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎక్కించారు. బానిసలకు స్వేచ్ఛ ఎవరో దానం చేసినట్టు చెప్పారు.

డుబాయిస్ ఆ కథను తిరగరాశారు. అప్పట్లో సుమారు 40 లక్షల మంది బానిసలు. యుద్ధం మొదలవగానే వేలు, లక్షల్లో పొలాలు వదిలి ఉత్తరాది సైన్యం వైపు నడిచారు. అది పారిపోవడం కాదని, చరిత్రలోనే పెద్ద సార్వత్రిక సమ్మె అని ఆయన చెప్పారు. సుమారు 1,80,000 మంది నల్లజాతి వారు సైనికులుగా పోరాడారు. తర్వాత వారు ఓటు వేసి నిలబెట్టిన ప్రభుత్వాలే దక్షిణాదిలో అందరికీ ఉచిత బడులకు పునాది వేశాయి. చివరి అధ్యాయంలో పాఠ్యపుస్తకాలను ఒక్కొక్కటిగా పేర్కొని అవి పిల్లలకు ఏం నేర్పుతున్నాయో విప్పి చూపారు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా వారు తన చేత వ్యాసం రాయించుకుని, ఆ కాలంలో నల్లజాతి వారు చేసిన మేలు గురించిన మాటలకు ఒప్పుకోలేదని, అందుకే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నానని అందులోనే రాశారు.

దేశంలోని ప్రధాన చరిత్ర పత్రిక ఆ గ్రంథానికి అప్పట్లో సమీక్ష కూడా వేయలేదు. 1960ల తర్వాత పండితులు ఒక్కొక్కరుగా ఆయన దారికి వచ్చారు. 1988లో ఎరిక్ ఫోనర్ రాసిన పెద్ద చరిత్ర నాటికి, డుబాయిస్ మాట ప్రధాన మార్గమైంది. ఫోనర్ పనిచేసింది కూడా కొలంబియాలోనే. నిజం గెలవడానికి యాభై ఏళ్లు పట్టింది. రాసిపెట్టి ఉంది గనుకే గెలిచింది.

మన దేశంతో బంధం

అమెరికాలో కొన్నేళ్లు గడిపిన లాలా లజపతిరాయ్‌తో ఆయనకు స్నేహం ఉండేది. 1929లో గాంధీజీ సందేశాన్ని 'ది క్రైసిస్'లో అచ్చు వేశారు. మనకు ఇంకా దగ్గరి సంగతి మరొకటి ఉంది. 1946లో డాక్టర్ అంబేడ్కర్ ఆయనకు ఉత్తరం రాశారు. అమెరికాలోని నల్లజాతి సంఘం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతి కావాలని, ఇక్కడి అంటరానివారి తరఫున కూడా అలాంటి ప్రయత్నం ఆలోచిస్తున్నామని దాని సారాంశం. ఆ ఏడాది జూలై 31న డుబాయిస్ జవాబు రాసి, ప్రతిని పంపుతూ సహకరిస్తానన్నారు. ఎన్నడూ కలవని ఇద్దరు పండితుల మధ్య కాగితాల మీద నడిచిన చుట్టరికం అది. మరుసటి ఏడాది డుబాయిస్ సంపాదకత్వంలో మరో వినతిపత్రం ఐక్యరాజ్యసమితి ముందుకు వెళ్లింది.

కోర్టు, పాస్‌పోర్టు, చివరి ఊరు

1951లో, అణ్వాయుధాలు వద్దన్న శాంతి ప్రచారంలో ఉన్నందుకు, విదేశీ ఏజెంటుగా నమోదు చేసుకోలేదన్న ఆరోపణతో ఆయనను కోర్టుకు ఈడ్చారు. అప్పటికి 83 ఏళ్లు. ఆధారాలు లేవని న్యాయమూర్తి కేసు కొట్టేశారు. అయినా పాస్‌పోర్టు 1958 దాకా ఇవ్వలేదు. 1957లో ఘనా స్వాతంత్ర్య వేడుకలకు పిలుపు వచ్చినా వెళ్లలేకపోయారు.

ఆయనలో లోపాలు లేవని చెప్పడం లేదు. చదువుకున్న పదో వంతు మంది మిగతా జాతిని నడిపిస్తారని చాలాకాలం నమ్మారు. చదువుకున్నవారు తమ సుఖమే చూసుకోవచ్చని గ్రహించి, 1948లో ఆ మాటను తానే సవరించుకున్నారు. ముసలితనంలో సోవియట్ రష్యాను, స్టాలిన్‌ను పొగిడారు. అక్కడి ప్రజల మీద జరిగిన దారుణాలను చూడవలసినట్టు చూడలేదు. మహనీయుల జీవితం చదివేటప్పుడు ఇవి కూడా చదవాలి. అదే ఆయన నేర్పిన చరిత్ర పద్ధతి.

1961లో ఘనా అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా పిలుపు మీద, 93 ఏళ్ల వయసులో ఆక్రా నగరానికి తరలివెళ్లారు. ఆఫ్రికా ప్రజల విజ్ఞాన సర్వస్వం తయారుచేయాలన్నది 1909 నుంచి ఆయన కల. ఆ పని మొదలుపెట్టారు గానీ పూర్తికాలేదు. 1963 ఆగస్టు 27న అక్కడే కన్నుమూశారు. మరునాడే వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన మహాప్రదర్శన జరిగింది. ఆ వేదిక మీది నుంచి ఆయన మరణవార్త చెప్పి, లక్షలాది జనం మౌనం పాటించారు. ఆయన సమాధి ఆక్రాలోనే ఉంది.

మనం చేయవలసింది

మన గురించి గెజిటీర్లలో, సర్వే నివేదికల్లో రాసినవారు ఎక్కువగా బయటివాళ్లే. వాటిని పారేయమని చెప్పం. డుబాయిస్ లాగా చదివి, సరిచూసి, తప్పు ఉన్నచోట ఆధారంతో చెప్పమంటాం. ముందు మీ గూడెంతో మొదలుపెట్టండి. ఎన్ని ఇళ్లు, ఎవరి భూమికి పట్టా ఉంది, ఎవరిది ఎప్పుడు ఎలా చేయి జారింది, ఎంతమంది ఆడపిల్లలు ఏ తరగతిలో బడి మానారు అన్నది ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి. అవ్వల పాటలు, వాగుల పేర్లు, గుట్టల పేర్లు ఫోన్‌లో రికార్డు చేయండి. అర్థం తెలియని మాటలను కూడా వదలకండి.

ఆ నోటుపుస్తకం చివర కొన్ని పేజీలు ఖాళీగా ఉంచి, వాటిలో ఒక కథ రాయండి. గోండి, కోయ, కొలామి, కువి, సవర, లంబాడీ, తెలుగు, ఏ భాషలోనైనా సరే. నూరేళ్ల తర్వాత మీ గూడెం ఎలా ఉండాలో ఊహించండి. నవ్వుతారేమోనని భయపడకండి. రాసినది వచ్చే సంచికకు పంపండి, చదవడానికి మేము ఎదురుచూస్తుంటాం.

జోహార్.